ముందు విద్యయా, ముందు శాఖయా?

మహదేవపుర ప్రాంతమున నేడు ఏ తెలుగువారి యింటికి పోయినను, కాఫీ గ్లాసు క్రింద పెట్టకముందే యొక ప్రశ్న వినవచ్చుచున్నది: “మీవాడు ఏ కోర్సులో చేరాడండీ?” ఇంజనీరింగు మూడవయేట నున్న కుఱ్ఱవానిని, బి.కాం. ముగించి కంప్యూటరు నేర్వదలచిన ఆడపిల్లను, తుదకు పదవ తరగతి పరీక్ష వ్రాసి ఫలితమునకై యెదురుచూచు బాలునిగూడ ఈ ప్రశ్న విడుచుట లేదు. ఫుల్‌స్టాకా? క్లౌడా? డేటా సైన్సా? సైబర్ సెక్యూరిటీయా? లేక ఏ.ఐ.యా? అడుగువారు పరాయివారు కారు. మన మేలు కోరు బంధుమిత్రులే. ఐనను ఆ ప్రశ్న మన పిల్లలకు కీడు చేయుచున్నదని నా నిశ్చయము. ప్రోగ్రామింగులో ఓనమాలు దిద్దని వానిని ముందుగా శాఖ నెన్నుకొమ్మనుట నేల విడిచి సాము చేయుమనుటయే.

ఈ విషయమున మాటాడుటకు నీ కేమి యర్హత యని కొంద రడుగవచ్చును. నేను మెట్రిక్యులేషనుతో చదువు చాలించి, గుమాస్తాగా పనిచేసి విశ్రాంతి పొందినవాడను. ప్రోగ్రాము వ్రాసినవాడను కాను. కాని క్రొత్తగా చేరినవాడు పని యెట్లు నేర్చునో, ఎట్లు నేర్వకపోవునో ముప్పదియేండ్లకు పైగా ప్రక్క బల్లనుండి చూచినవాడను. అదిగాక, ఈ కోర్సులకు రుసుము చెల్లించువారము పిల్లలము కాము, పెద్దలము. డబ్బిచ్చువానికి మాటాడు బాధ్యతయు కలదు.

మన వాడలో తెలుగువారు నిన్న మొన్న వచ్చినవారు కారు. ఈ చుట్టుప్రక్కల గ్రామములలో తెలుగు మాటాడు రైతు కుటుంబములు అద్దాల మేడలు లేవకముందే తరతరములుగా నుండినవి. 1940లో హిందుస్థాన్ విమాన కర్మాగారము, 1948లో దూరవాణినగరమున ఐ.టి.ఐ. టెలిఫోను కర్మాగారము వెలసిన పిమ్మట, నెలజీతపు కుటుంబములు వచ్చి చేరినవి. 1990ల దశకమున వైట్‌ఫీల్డు దిక్కున టెక్‌పార్కు వెలసెను. మూడవ తరము వచ్చెను. 2023 మార్చిలో కృష్ణరాజపుర–వైట్‌ఫీల్డు మెట్రో నడచుటతో, హూడి, కుందలహళ్లి స్టేషనులలో ఉదయము తెలుగు మాట వినబడని రైలుపెట్టె లేదు. మారతహళ్లి పీజీ హాస్టళ్లలో కడప, అనంతపురము, ప్రకాశము జిల్లాల పిల్లలు ఒక్కొక్క గదికి ముగ్గురు నలుగురుగా నున్నారు. వారి తలిదండ్రులలో పొలముపై అప్పు తెచ్చి పంపినవారును కలరు. శాఖ నెన్నుకొనుట మనకు వినోదచర్చ కాదు. ఆ అప్పు తీరుటయు తీరకపోవుటయు దానిపై నున్నది.

ఆ హాస్టళ్ల వీధులలోనే శిక్షణాలయముల బోర్డులును వ్రేలాడుచున్నవి. హైదరాబాదు అమీరుపేటలో మనవారెల్ల రెఱిగిన దృశ్యమే యిచ్చటను వెలసినది. బోర్డుపై నుండునది విద్య కాదు, ఒక పేరు. పేరమ్ముట తేలిక, విద్య నేర్పుట కష్టము. “మూడు మాసములలో డేటా సైంటిస్టు” అని వ్రాసిన కరపత్రమును నేనే చూచితిని. అట్టి యొక శిక్షణాలయమున చేరిన మా బంధువులబ్బాయి ఆ మూడు మాసములు ముగిసిన పిమ్మట, వేయిమంది పేర్లున్న పట్టికలో ఒకే పేరు రెండుమార్లు వచ్చినదో లేదో కనుగొను చిన్న ప్రోగ్రాము వ్రాయలేక పోయెను. వాని తెలివికి లోపము లేదు. వానికి పునాది వేయకయే పైఅంతస్తు అమ్మినారు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమన్నట్లు, చేత పని లేదు, పేరు మాత్రము డేటా సైంటిస్టు!

ఈ పేర్ల ఆయువెంతయో చూతము. 1990ల చివర, సంవత్సరమును రెండంకెలతో వ్రాసిన పాత ప్రోగ్రాములు 2000 రాగానే తప్పుదారి పట్టునను భయము లోకమెల్ల వ్యాపించెను. 1959లో పుట్టిన కోబాల్ భాషకు గిరాకి యేర్పడెను. మన యువకులనేకులు దానిని నేర్చి విమానమెక్కిరి. 2000 జనవరి 1 గడచెను, పని తగ్గెను, ఆ వెంటనే డాట్‌కాం సంస్థలు కూలినవి. కోబాల్ చావలేదు, నేటికిని బ్యాంకులలో నడచుచున్నది. చచ్చినది ఆ పేరుపై తొందరపడి పెట్టుకొన్న ఆశ. 1998లో వెలువడిన విజువల్ బేసిక్ 6 ఒకప్పుడు ప్రతి శిక్షణాలయపు బోర్డుపై నుండెను. 2008లో మైక్రోసాఫ్ట్ దాని పరికరములకు మద్దతు మానుకొనెను. ఫ్లాష్ నేర్చిన బొమ్మలపనివారికి ఒకనాడు కొదువలేని పని యుండెను. 2020 డిసెంబరు 31తో దాని కథ ముగిసెను. విదేశపు కొలువును చూచి శాఖ నెన్నుకొన్నవారి గతి యింకను విచిత్రము: 2025 సెప్టెంబరులో అమెరికా అధ్యక్షుని ప్రకటన యొకటి వెలువడి క్రొత్త హెచ్-1బి దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుము విధించెను. సముద్రమున కావల చేసిన ఒక్క సంతకముతో ఇచ్చటి వేలాది యిండ్ల లెక్కలు తారుమారైనవి. పరుల గిరాకిని నమ్మి పిల్లవాని బ్రతుకును గీయుట ఇసుకపై ముగ్గు వేయుట కాదా?

మరి నిలిచినవేవి? 1969లో పుట్టిన యూనిక్స్ ఆలోచనలు నేటి సర్వరులలోను చేతి ఫోనులలోను జీవించియే యున్నవి. సమాచారమును పట్టికలుగా అమర్చు పద్ధతిని 1970లో ఎడ్గార్ కాడ్ ప్రతిపాదించెను. దానినుండి వచ్చిన ఎస్.క్యూ.ఎల్. నేడును బ్యాంకులలో పనిచేయుచున్నది. 1972 ప్రాంతమున డెన్నిస్ రిచీ రూపొందించిన సి భాష ఇంకను బ్రతికియున్నది. 1983 జనవరి 1న ఆనాటి ఆర్పానెట్ స్వీకరించిన టీసీపీ-ఐపీ నియమములే నేటి ఇంటర్నెట్టును నడపుచున్నవి. ఇవి వేళ్లు, బోర్డులపై నున్నవి కొమ్మలు. కొమ్మలు ఏటేట మారును. వేరు పట్టినవాడు ఏ కొమ్మకైనను ప్రాకగలడు.

నే నెఱిగిన గుమాస్తా పనిలో ఒక మంచి యాచారముండెడిది. క్రొత్తవాడు చేరిన దినముననే వానిని “నీకు ఏ సెక్షను కావలెను?” అని యెవరును అడుగరు. మొదట ఇన్‌వర్డు రిజిస్టరు ముందు కూర్చుండబెట్టుదురు. ఏ కాగితము ఎచ్చటినుండి వచ్చునో, ఎవరికి పోవునో వాడు చూచును. పిమ్మట డిస్పాచి, పిమ్మట ఎస్టాబ్లిష్‌మెంటు, పిమ్మట బిల్లులు. ఏడాది రెండేండ్లు తిరిగిన తరువాత, వీడు లెక్కలలో దిట్ట, వాడు ఉత్తరము వ్రాయుటలో దిట్ట యని తనంతట తేలును. అప్పుడు శాశ్వతముగా ఒక బల్ల. ఆ తిరుగుట వ్యర్థకాలము కాదు. కార్యాలయమంతయు ఒకటే దేహమని వానికి తెలియుట ఆ తిరుగుటవలననే.

ఈ క్రొత్త వృత్తిలోని శాఖలును పరికించి చూచిన కార్యాలయపు సెక్షనులే. ఫ్రంటెండు అనునది జనులు వచ్చి నిలుచు కౌంటరు. బ్యాకెండు లోపల ఫైలు నడచు సెక్షను. డేటాబేసు రికార్డుగది. టెస్టింగు ఆడిటు. సెక్యూరిటీ ఖజానా తాళపుచెవుల గుత్తి. డెవాప్స్ అనునది కార్యాలయము ప్రతి యుదయము తలుపు తెరచి నడచునట్లు చూచు సూపరింటెండెంటు పని. డేటా సైన్సు రికార్డులను చదివి వ్రాయు వార్షిక నివేదిక. రికార్డుగది మొగమెఱుగని వాడు వార్షిక నివేదిక యెట్లు వ్రాయును? కౌంటరు వద్ద జనుల బాధ వినని వాడు ఏ నియమము మార్చవలెనో యెట్లు చెప్పును? ఒక్కొక్క బల్లవద్ద కొంతకాలము కూర్చుండకయే “నేను ఈ బల్లవాడను” అనుట తగదు.

మఱియొక యనుభవము. లెక్కల గుమాస్తాలలో రెండు తెగలవారిని చూచితిని. ఒకరికి ఏ గడిలో ఏ యంకె వేయవలెనో మాత్రమే తెలియును. రెండవవారికి జమయు ఖర్చును ఏల సరిపోవలెనో తెలియును. పుస్తకములు పోయి కంప్యూటరులో ట్యాలీ వచ్చినప్పుడు రెండవ తెగవారు కొలది వారములలో అలవాటుపడిరి. మొదటి తెగవారు ఏండ్లు గడచినను ప్రక్కవాని నడుగుచుండిరి. పాత పుస్తకమును ఇరువురును సమానముగానే వ్రాసియుండిరి. భేదము పుస్తకము మారిననాడు బయటపడెను. పిల్లలకు చెప్పవలసిన దిదియే: పుస్తకము మారితీరును.

ఇతర విద్యలలో ఈ క్రమమును మనము ప్రశ్నింపనే ప్రశ్నింపము. గుండె వైద్యుడు కాగోరువాడును, కంటి వైద్యుడు కాగోరువాడును మొదట నాలుగున్నరయేండ్ల ఎం.బి.బి.ఎస్. చదివి, ఒకయేడు ఇంటర్నుగా ప్రసూతి వార్డు మొదలు అన్ని వార్డులును తిరుగవలసినదే. పాట నేర్వవచ్చిన పిల్లకు పురందరదాసులవారు ఏర్పరచినవని చెప్పు సరళీవరుసలతో ఆరంభింతుము గాని, “అమ్మా, నీకు ఆలాపన కావలెనా, తానము కావలెనా?” అని యడుగము. అన్నప్రాసననాడే ఆవకాయ పెట్టు తల్లి లేదు. ప్రోగ్రామింగునకు మాత్రము ఈ క్రమమును విధించు అధికారి యెవరును లేకపోవుటచేత, ఆ స్థానమున బజారు వచ్చి కూర్చున్నది.

మనవారిలో ఈ విద్య శిఖరమునెక్కినవారి త్రోవయు చూడవచ్చును. శ్రీకాళహస్తి దగ్గర కాటూరు గ్రామమున 1937లో జన్మించిన దబ్బల రాజగోపాలరెడ్డిగారు, లోకమెఱిగిన రాజ్ రెడ్డిగారు, 1958లో మద్రాసు గిండీ కళాశాలనుండి పట్టము పుచ్చుకొన్నది సివిల్ ఇంజనీరింగులో. పిమ్మట ఆస్ట్రేలియా, పిమ్మట 1966లో స్టాన్‌ఫర్డు డాక్టరేటు. యంత్రమునకు మనుష్యుని మాట వినిపించు పనిలో ఆయన ప్రసిద్ధుడయ్యెను. కృత్రిమ మేధకు చేసిన సేవకు 1994లో ఆయనకు ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిపి ట్యూరింగ్ బహుమానము లభించెను. గిండీలో చదువునాడు ఆయనను “ఏ కోర్సు?” అని యడిగియున్న “వంతెనలు, కట్టడములు” అను జవాబే వచ్చియుండును. హైదరాబాదులో పెరిగిన సత్య నాదెళ్లగారును మణిపాలులో చదివినది ఎలక్ట్రికల్ ఇంజనీరింగు. కంప్యూటరు శాస్త్రమును పిమ్మట అమెరికాలో చదివి, 1992లో మైక్రోసాఫ్ట్‌లో చేరి, 2014లో దాని అధిపతి యయ్యెను. వీరు మహాశయులు, మన పిల్లలు సామాన్యులు అందురేమో. నిజమే. కాని మహాశయులకే శాఖ ముందుగా తెలియకపోగా, సామాన్యునికి పదునెనిమిదవ యేట తెలియవలెననుట ఏ న్యాయము?

ప్రతిపక్షమువారి వాదములను దాచుట నా యుద్దేశము కాదు. మొదటిది బలమైనది: “అప్పు చేసి చదివించినాము. వాడు సంవత్సరముల తరబడి మూలవిద్య నేర్చుచు కూర్చుండుటకు మేము జమీందారులము కాము. ఉద్యోగపు ప్రకటనలో జావా యనియో, రియాక్ట్ అనియో పేరుండును. ఆ పేరు లేనివానిని లోపలికి పిలువరు.” ఈ మాటలో సత్యమున్నది. బీదవానికి తలుపు త్వరగా తెరుచుకొనవలెను. కాని తలుపు వేరు, ఇల్లు వేరు. కూటి కొఱకు ఒక పేరును తలుపుగా పట్టుకొనుట దోషము కాదు. ఆ తలుపునే ఇల్లనుకొనుట దోషము. మఱియొక సంగతి: ప్రకటనలో పేరుండును గాని, లోపలికి పిలిచిన పిమ్మట వారడుగునది పేరు కాదు. చిన్న లెక్క యిచ్చి త్రోవ చెప్పుమందురు. నీవు చేసిన పనిలో తప్పెచ్చట వచ్చినది, ఎట్లు కనుగొంటివి అని యడుగుదురు. అచ్చట మూడు మాసముల పేరు మూడు నిమిషములలో కరగిపోవును. మూలవిద్య గలవాడు అడిగిన పరికరమును కొలది మాసములలో నేర్వగలడు. పరికరమే తెలిసినవాడు మూలవిద్యను అంత త్వరగా నేర్వలేడు. తొందరగలవానికే పునాది యెక్కువ యవసరము.

రెండవ వాదము క్రొత్తది: “2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చినది మొదలు యంత్రమే ప్రోగ్రాములు వ్రాయుచున్నది. ఇక మూలవిద్య యెందులకు? ఏ.ఐ. ఒక్కటి పట్టుకొన్న చాలును.” గుమాస్తా భాషలో జవాబు చెప్పెదను. డ్రాఫ్టు వ్రాయువాడు వేరు, సంతకము చేయువాడు వేరు. యంత్రము డ్రాఫ్టు వ్రాయుచున్నది, చక్కగానే వ్రాయుచున్నది. అప్పుడప్పుడు తప్పును గూడ అంతే చక్కగా వ్రాయుచున్నది. దానిని చదివి, ఇది సరి, ఇది కాదని సంతకము చేయవలసినవాడు మనుష్యుడే. చదువకయే సంతకము చేసిన అధికారుల గతి యేమగునో కార్యాలయములలో పనిచేసినవారెల్ల రెఱుగుదురు. కేవలము డ్రాఫ్టుపని నేర్చినవానికి ఇక కష్టకాలమే. తప్పును పట్టగలవాని విలువ తగ్గదు. ఆ చూపు మూలవిద్యనుండియే కలుగును.

మూడవ వాదము: “అన్నియు తెలిసినవానికి ఏదియు తెలియదు, లోకము విశేషజ్ఞునే గౌరవించును.” నేను విశేషజ్ఞతకు శత్రువును కాను. శాఖ నెన్నుకొనకుండ జీవితమెల్ల అటునిటు తిరుగుమని నే ననలేదు. ఎన్నుకొనవలెను, లోతుగా దిగవలెను. ఐతే ఏమియు చూడకముందు కాదు, ఒక పని సాంతము చేసిన పిమ్మట. నా వాదమెల్ల ముందువెనుకల గుఱించియే.

సాంతము చేయుట యనగా నేమి? ఇంటి ముంగిటనే ఉదాహరణము చూపెదను. మనవంటి సంఘములకు సభ్యుల పట్టిక కావలెను. తెలుగులో నొకటి, మనకు నీడనిచ్చిన ఈ నాటి భాషయగు కన్నడములో నొకటి. ప్రారంభకుడైన కుఱ్ఱవాడు దీనికి పూనుకొనునుగాక. కంప్యూటరునకు ప్రతి యక్షరము ఒక సంఖ్య యని వానికి మొదట తెలియును. యూనికోడ్ పట్టికలో తెలుగు వెంటనే ప్రక్కయింటిలో నున్నది కన్నడమే! తెలుగు ‘క’ సంఖ్య 3093. కన్నడ ‘క’ సంఖ్య 3221. తెలుగు ‘మ’ 3118. కన్నడ ‘మ’ 3246. రెంటికిని భేదము 128. అరుదైన కొన్ని గుర్తులను విడిచిన, తెలుగు పేరులోని ప్రతి సంఖ్యకు 128 కూడిన చాలును, ఆ పేరు కన్నడ లిపిలో నిలుచును. ఆ కుఱ్ఱవాని మొగము అప్పుడు చూడవలెను! మనకు రెండక్షరములైన ‘లక్ష్మి’ కంప్యూటరునకు ఏడు సంఖ్యలని తెలిసినప్పుడు, పేరును గడిలో పట్టించుటకు నడుమ త్రుంచిన ఏమగునో వాడు తానే కనుగొనును.

ఇక పేర్లు చేర్చుటకు తెరపై ఒక ఫారము కావలెను: అది ఫ్రంటెండు. చందా బాకీ లెక్కించు నియమము కావలెను: అది బ్యాకెండు. పట్టికను నిలువచేయవలెను: అది డేటాబేసు. ఒకే సభ్యుడు రెండుమార్లు చేరకుండునా యని పరీక్షింపవలెను: అది టెస్టింగు. ఇంటి చిరునామాలు, ఫోను సంఖ్యలు పరుల చేత పడకుండ కాపాడవలెను: అది సెక్యూరిటీ. ఏ వీధిలో ఎన్ని కుటుంబములున్నవో, ఏ యేట ఎందఱు చేరిరో తేల్చవలెను: డేటా సైన్సునకు అది తొలిపాఠము. ఒక్క చిన్న పట్టికతో వాడు అన్ని బల్లలవద్దను కూర్చుండి వచ్చినవాడగును. ఇందులకు వేలకువేల రుసుము అక్కరలేదు. ఒక పాత కంప్యూటరు, ఆఱు మాసముల యోపిక, తప్పు చూపు పెద్దవాడొకడు చాలును.

ఆ పిమ్మట వానిని మూడు ప్రశ్నలడుగవలెను. ఎవరును చెప్పకయే ఏ భాగమువద్ద రాత్రి యెక్కువసేపు కూర్చుంటివి? ఏ భాగములో పదిమార్లు తప్పు వచ్చినను నీకు విసుగు పుట్టలేదు? ఆ పనికి ఈ యూరిలో కూడు కలదా? మూడవ ప్రశ్న మూడవదిగానే యుండవలెను. మన మిప్పుడు దానిని మొదటిదిగా చేసి, తక్కిన రెంటిని అడుగుటయే మానితిమి. మూడింటికిని జవాబు కలిసినచోట శాఖ యున్నది. అట్లు ఎన్నుకొన్నవాడు రేపు ఆ శాఖ యెండినను భయపడడు. చెట్టు మొదలు వానికి తెలియును.

కావున పెద్దలకు నా విన్నపములు రెండు. మొదటిది మన సంఘమునకు: నెలకు రెండు ఆదివారములు మన హాలును ఈ పనికి తెరువుడు. ఈ వాడలో విశ్రాంతి పొందిన ఇంజనీరులు, ఇప్పుడు పనిచేయుచున్న ప్రోగ్రామరులు మనవారిలో కొదువలేదు. ఉగాదికి వేదికపై శాలువ కప్పుటకు పిలుచు వారిని, ఆదివారము కుఱ్ఱవాని ప్రక్కన ఒక గంట కూర్చుండుటకు పిలుతము. పీజీ హాస్టళ్లలోని పిల్లలకు గూడ కబురు పంపుడు; వారును మన బిడ్డలే. మొదటి పనిగా సభ్యుల పట్టికను వారికి అప్పగింపుడు. పట్టికయు తయారగును, పిల్లలును తయారగుదురు.

రెండవది ప్రతి గృహమునకు. రుసుము కట్టుటకు ముందు శిక్షణాలయమువారిని ఒక్కమాట యడుగుడు: “మీవద్ద నేర్చి బయటికి వచ్చునప్పటికి మా పిల్లవాడు తన చేతితో, మొదటినుండి తుదివరకు, ఏమి చేసియుండును?” జవాబు పేరైనచో లేచి రండు, జవాబు పని యైనచో కూర్చుండుడు. బంధువుల పిల్లలు కనబడినప్పుడును ఆ పాత ప్రశ్న మానుదము. “ఏ కోర్సు?” అని కాక, “ఏమి చేశావు నాయనా, ఏదీ చూపించు” అని యడుగుదము. మొదటి ప్రశ్నకు పిల్లవాడు బజారువైపు చూచును. రెండవ ప్రశ్నకు తన చేతులవైపు చూచుకొనును. అప్పు తీర్చవలసినవి ఆ చేతులే.